న్యూరెంబర్గు చెరసాలలో లూథరన్ పాదిరి

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీ దేశమందలి న్యూరెంబర్గు నగరమున నాజీ నాయకులపై జరిగిన విచారణను గూర్చి వినని విద్యావంతులు మనలో అరుదు. అచట వాదించిన న్యాయవాదుల పేర్లును, తీర్పు చెప్పిన నాలుగు రాజ్యముల న్యాయమూర్తుల పేర్లును చరిత్ర గ్రంథములలో పదిలముగా నున్నవి. కాని న్యాయస్థానమునకు వెనుక, కప్పువేసిన నడవకు ఆవలనున్న చెరసాలలో, ఆ ముద్దాయిల గదులలోనికి దినదినమును పోయి, వారి ప్రక్కన మోకరించి, వారి మాతృభాషలో ప్రార్థించి, కడపట కొందరితో ఉరికంబము వరకును నడచిన అమెరికా సైనిక పాదిరి యొకడుండెనని యెరిగినవారు కొలదిమంది. అతని పేరు హెన్రీ ఫ్రెడరిక్ గెరికీ. అతడు మిస్సోరి రాష్ట్రపు పల్లెటూరి రైతుబిడ్డ. లూథరన్ సంఘ బోధకుడు. ఈ పనికి వచ్చునాటికి ఏబది రెండేండ్ల వయసువాడు.

సైన్యమునందు మతగురువునకు పని యేమని సందేహించువారు కలరు. ఆయుధము పట్టినవాడు ఏ క్షణముననైనను చావవచ్చును, చంపవలసియు రావచ్చును. ఇంటికి వేల మైళ్ళ దూరమున, తల్లి గాని భార్య గాని చెంతలేనిచోట, చావు, చంపుట యను ఆ రెండింటి భారమును ఒంటరిగా మోయుట సామాన్యుని వశము కాదు. అందుచేతనే పెక్కు దేశములు తమ సేనలతోపాటు మతబోధకులను గూడ పంపుచు వచ్చినవి. మన భారత సైన్యమున సైతము పండితులు, గ్రంథీలు, మౌల్వీలు, పాదిరులు జూనియర్ కమిషన్డ్ అధికారుల హోదాలో పనిచేయుచున్నారు. అమెరికాలో నీ వ్యవస్థ ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటన కంటెను ముందటిది. 1775 జూలై 29వ తేదీన కాంటినెంటల్ కాంగ్రెసు పాదిరులకు జీతము నిర్ణయించిననాడే అది మొదలైనది.

అమెరికనులు చాప్లెయిన్ అని పిలుచు ఈ సైనిక పాదిరి స్థితి కొంత విచిత్రమైనది. అతడు అధికారి దుస్తులు ధరించును, కెప్టెన్ అనియో మేజరు అనియో పిలువబడును. కాని యెవ్వరికిని సైనికాజ్ఞ నిచ్చు హక్కు అతనికి లేదు. కాలరుపై సిలువ గుర్తు పెట్టుకొనును, తుపాకి పట్టడు. జెనీవా ఒప్పందముల ప్రకారము, శత్రువునకు చిక్కినను అతడు తక్కినవారివలె యుద్ధఖైదీగా నెంచబడడు. తోడి ఖైదీలకు మతసేవ చేయుటకు మాత్రమే అతనిని నిలిపి యుంచుకొనవచ్చును. జీతము సైన్యమిచ్చును, యోగ్యతాపత్రము సంఘమిచ్చును. ఈ రెండు విధేయతలలో నేదియు తప్పకుండ నడచుట అతని వృత్తిలోని కష్టము. ఆదివారపు ఆరాధన అతని పనిలో మిక్కిలి స్వల్పభాగము. క్షతగాత్రుల మంచముల చెంత కూర్చుండుట, మరణించినవాని తల్లికి ఉత్తరము వ్రాయుట, భార్య యొద్దనుండి దుర్వార్త విన్న సైనికునితో రాత్రి చాలసేపు మాటలాడుట, జీపు ముందుభాగముపై తెల్లగుడ్డ పరచి దానినే బలిపీఠముగా జేసికొని వానలో ప్రార్థన జరుపుట, చచ్చినవారిని పూడ్చుట, తన మతము కానివానికి వాని మతగురువును వెదకి తెచ్చుట — ఇవన్నియు నతని దినచర్యలోనివే.

లూథరన్ సంఘమును గూర్చి ఒకింత చెప్పక ముందునకు పోరాదు. 1517లో జర్మను సన్యాసి మార్టిన్ లూథరు రోమను సంఘపు పద్ధతులను ప్రశ్నించుటతో నారంభమైన సంస్కరణమునుండి పుట్టినది ఈ సంఘము. సైనికులును రక్షణకు పాత్రులేనా యను ప్రశ్నపై లూథరే 1526లో నొక ప్రత్యేక గ్రంథము వ్రాసెను. కావున సైన్యసేవ యను చింత ఈ సంఘమునకు క్రొత్తది కాదు. మన తెలుగునాట లూథరన్ అను పేరు పరాయిది కాదు. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయరు గుంటూరు చేరినది మొదలు, కృష్ణా గోదావరీ మండలములలో పాఠశాలలు, ఆసుపత్రులు, దేవాలయములు వెలసి, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘముగా నేర్పడిన సంగతి గుంటూరు, రాజమహేంద్రవరము పరిసరముల పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. గెరికీ చెందినది మాత్రము మిస్సోరి సినడ్ అను వేరొక శాఖ. నియమపాలనలో నిది చాల కఠినమైనది. ప్రభువు రాత్రి భోజనమను సంస్కారమందు క్రీస్తు శరీర రక్తములు నిజముగా నున్నవని వీరు విశ్వసింతురు; అందుచేత పాపమును ఒప్పుకొని, క్రీస్తును రక్షకునిగా నంగీకరించి, ప్రశ్నోత్తరి నేర్చిన వారికి గాని ఆ రొట్టెను, ద్రాక్షారసమును ఇయ్యరు. ముందు ముందు చెప్పబోవు ఘట్టము దీనిపైననే ఆధారపడియున్నది.

గెరికీ 1893 ఆగస్టు 4న గోర్డన్‌విల్ అను గ్రామమున జన్మించెను. జర్మను వలసదారుల కుటుంబమగుటచే ఆ భాష అతనికి ఇంటిలోనే అబ్బినది. సెయింట్ లూయిస్ నగరమునందలి కాంకోర్డియా వేదాంత కళాశాలలో చదువుచు 1919లో ఆల్మా బెండరు అను యువతిని వివాహమాడెను. విద్యార్థులు వివాహమాడరాదని ఆనాటి కళాశాల నియమము. కావున చదువు విడువవలసి వచ్చి, కుటుంబమును పోషించుకొనుచు ప్రత్యేకముగా చదివి, 1926లో గాని బోధకుడుగా అభిషేకము పొందలేకపోయెను. ఒక సంఘమున తొమ్మిదేండ్లు పనిచేసిన పిదప, 1935లో, స్థిరమైన ఆ యుద్యోగమును విడిచి నగర మిషనులో చేరి, జైళ్ళలోని ఖైదీలకును, ఆసుపత్రులలోని దీనులకును, ఇల్లు వాకిలి లేనివారికిని బోధించు పనికి పూనుకొనెను. రేడియోలో ఓదార్పు ప్రసంగములును చేసెను. సంఘము పెద్దలు దీనిని పైమెట్టుగా నెంచియుండరు. కాని చెరసాల గది తలుపు తీసికొని లోపలికి పోయినప్పుడు మొదటి మాట యేమి మాటలాడవలెనో అతడు నేర్చుకొన్నది ఈ యెనిమిదేండ్లలోనే.

1943లో, కుమారులిద్దరు అప్పటికే సైన్యమున నుండగా, ఏబదవ యేట నతడును సైన్యమున చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయ ప్రాంగణమున నడచుచుండిన చాప్లెయినుల పాఠశాలలో శిక్షణ పొంది, 98వ జనరల్ ఆసుపత్రితో ఇంగ్లండునకు పోయి, యుద్ధభూమినుండి వచ్చు క్షతగాత్రుల నడుమ చాల కాలము పనిచేసెను. యుద్ధము ముగిసిన తరువాత ఆసుపత్రి ఫ్రాన్సు మీదుగా జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు చేరినది. ఆ నగరమునకు సమీపముననే డహౌ నిర్బంధ శిబిరము కలదు. గెరికీ అచటికి పోయి చూచెను. నాజీల కృత్యములను వార్తాపత్రికలలో చదివి యెరిగినవాడు కాక, కన్నులార చూచినవాడై అతడు న్యూరెంబర్గునకు పోయెనన్న సంగతిని, అతనిని మెచ్చినవారును నిందించినవారును సమానముగా మరచుచుందురు.

1945 నవంబరులో న్యూరెంబర్గు చెరసాల అధిపతి కర్నల్ బర్టన్ ఆండ్రస్ అతనిని అచటి చాప్లెయినుగా రమ్మని కోరెను. జర్మను భాష వచ్చినవాడు, లూథరన్, జైళ్ళలో పనిచేసిన అనుభవము గలవాడు — ఈ మూడు లక్షణములును ఒక్కనియందు గల చాప్లెయినులు సైన్యమున నెక్కువమంది లేరు. ముద్దాయిలలో హెచ్చుమంది ప్రొటెస్టంటు కుటుంబములలో పుట్టి లూథరన్ సంప్రదాయమున పెరిగినవారే. అయినను ఇది ఆజ్ఞ కాదనియు, వయసు మీరినది కావున కోరినచో ఇంటికి పోవచ్చుననియు ఆసుపత్రి అధిపతి అతనికి చెప్పెను. ఇంటికి పోవుటకు కారణములు బలముగా నుండెను. ఆల్మాను చూచి రెండున్నర యేండ్లయినది. యుద్ధపు గాయములు కన్నకొడుకులను సైతము తాకినవి. మరియొక భయమును అతనిని బాధించెను. పల్లెటూరి బోధకుడనగు నేను, ఒకప్పుడు ఐరోపా ఖండమును గడగడలాడించిన మనుష్యులతో నేమి చెప్పగలను? వారి చేతిని తాకుట యెట్లు? కొన్నాళ్ళు ప్రార్థించి, ఆలోచించి, పాపమును ద్వేషించుచునే పాపిని ప్రేమింపవలెనని తాను ఇన్నాళ్ళు ఇతరులకు చేసిన బోధ తనకును వర్తించునని నిశ్చయించుకొని, పోవుటకే ఒప్పుకొనెను.

విచారణ నవంబరు 20న ఆరంభమైనది. బోనులో కూర్చున్న ముద్దాయిలు 21 మంది. అభియోగము మోపబడినవారు 24 మంది కాగా, రాబర్టు లే చెరసాలలోనే ఉరిపోసికొని చచ్చెను, క్రుప్ వృద్ధుడును రోగియు నగుటచే విచారణకు పనికిరాకపోయెను, బోర్మను దొరకలేదు. లే మరణము తరువాత ఆండ్రస్ ప్రతి గది తలుపునకు నొక కావలివానిని నిలిపి, రాత్రింబవళ్ళు లోపలికి చూచుచుండునట్లు కట్టడి చేసెను. నిద్రలో సైతము ముఖమును చేతులును దుప్పటికి వెలుపల నుంచవలెను. గదిలోని బల్ల, పైకెక్కినవాని బరువునకు కూలిపోవునట్లు చేయబడినది. ఇట్టి గదులలోనికి గెరికీ మొదటిసారి పోయినప్పుడు ప్రతివానికిని చేయి చాపెను. ఈ కరస్పర్శను గూర్చి తరువాత చాలమంది అతనిని దూషించిరి. చేయి కలుపుటకు తాను సంతోషించి కాదనియు, అట్లు చేయనిదే తన నోటి మాటను వారు విననొల్లరనియు అతని సమాధానము. జైళ్ళలో మెలగినవారెవరును దీనిని కాదనజాలరు.

మొదట కలిసినది ఒకప్పటి హిట్లరు ఉపనాయకుడగు రుడాల్ఫు హెస్‌ను. ఆరాధనకు వచ్చెదవా యని యడుగగా అతడు రానని చెప్పెను. వాయుసేనాధిపతిగా నుండిన హెర్మన్ గోరింగు ఎదురువచ్చి, మర్యాదగా చేయి కలిపి, తప్పక వత్తునని మాట యిచ్చి, ఆ మాటను నిలుపుకొనెను కూడ; ముందువరుసలో కూర్చుండి బిగ్గరగా కీర్తనలు పాడుచుండెను. గదినుండి కొంతసేపు బయటపడుట అతనికి ముఖ్యప్రయోజనమని గెరికీ అప్పుడే గ్రహించియుండెను. సేనాధిపతి విల్‌హెల్మ్ కైటెల్ గదికి పోవుసరికి అతడు బైబిలు చదువుచుండెను. 1941 డిసెంబరులో, ఆక్రమిత దేశముల ప్రజలను జాడ తెలియకుండ మాయము చేయించు ఆజ్ఞపై సంతకము పెట్టినవాడు ఈ కైటెలే. అతడు తనతో ప్రార్థింపుమని పాదిరినడిగి, మోకరించి, కంటనీరు పెట్టుకొనెను. పరదేశముల ప్రజలను లక్షలకొలదిగ జర్మనీ కర్మాగారములకు బానిసలుగా తోలించిన ఫ్రిట్జ్ సౌకెల్, పదిమంది బిడ్డల తండ్రి, అందరికంటె ముందుగా మెత్తబడెను. అతని ప్రార్థన పలుమార్లు ఏడ్పుగా మారుచుండెను. నాజీ సిద్ధాంతకర్త అల్ఫ్రెడ్ రోజెన్‌బర్గు తనకు మతముతో పనిలేదని మర్యాదగానే త్రోసిపుచ్చెను.

రెండు గదుల నడిమి గోడ పడగొట్టి చిన్న ప్రార్థనా మందిరమును చేసిరి. అందొక ఆర్గను వాద్యము. దానిని వాయించువాడు ఒకప్పటి నాజీ ఎస్.ఎస్. దళపు అధికారి. ఆనాటి న్యూరెంబర్గు నగరమా, శిథిలముల గుట్ట. ఆ నగరము 1525లోనే లూథరు బోధను స్వీకరించిన ప్రాచీన లూథరన్ నగరము. దాని మహాదేవాలయములు, సెయింట్ సెబాల్డు, సెయింట్ లోరెన్సు, బాంబులచే కూలియుండెను. లూథరన్ ఆరాధనకు నాలుగు శతాబ్దముల ఆలవాలమైన ఆ పట్టణమున, పశ్చిమ సముద్రమునకు ఆవలినుండి వచ్చిన గ్రామీణ బోధకుడొకడు, రెండు చెరగదుల వైశాల్యములో, జర్మను మంత్రులకును సేనాపతులకును జర్మను భాషలో లూథరు చిన్న ప్రశ్నోత్తరిని మొదటినుండి నేర్పవలసి వచ్చినది.

దీనిలో లూథరన్లకు తలవంపు గూడ కలదు, దానిని దాచరాదు. యూదులపై విషము గ్రక్కుటయే వృత్తిగా బ్రతికిన పత్రికాధిపతి జూలియస్ స్ట్రైఖరు 1946 ఏప్రిలులో న్యాయస్థానమున సాక్ష్యమిచ్చుచు, 1543లో యూదులను నిందించుచు లూథరు వ్రాసిన గ్రంథమును పేర్కొని, లూథరు నేడు బ్రతికియున్నచో నా బోనులోనే కూర్చుండెడివాడను నర్థమున వాదించెను. స్ట్రైఖరు దుష్టుడే, ఆ వాదము తన్ను కాపాడుకొనుటకు చేసినదే. అయినను ఆ గ్రంథమున్నది, అందు ఆ మాటలున్నవి. హిట్లరును జర్మను సంఘములలో ననేకులు ఆహ్వానించిరి. ఎదిరించి ప్రాణమిచ్చిన లూథరన్ బోధకుడును కలడు. డీట్రిచ్ బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గు శిబిరమున ఉరితీసిరి. ఉరితీయించిన ప్రభుత్వపు పెద్దలకు, ఆ సంవత్సరము తిరుగకముందే, అదే బవేరియా ప్రాంతమున, లూథరన్ సంప్రదాయమునకే చెందిన మరియొక బోధకుడు క్రీస్తు పుట్టిన పండుగ ఆరాధన జరిపెను.

కథోలిక ముద్దాయిలకు సిక్స్‌టస్ ఓకానర్ అను ఫ్రాన్సిస్కన్ గురువుండెను. న్యూయార్కు వాడు, హాస్యప్రియుడు. ఇద్దరికిని మంచి స్నేహము. ఈ నేరస్థులలో మా లెక్కకు ఆరుగురే, మీ లూథరన్ల లెక్కకు పదునైదుగురని ఓకానర్ ఎగతాళి చేయుచుండెడివాడు. పగలు విచారణ, సాయంకాలము గదుల దర్శనము. ఇద్దరును ఒక సంవత్సరము పాటు ఈ పనిలో నలిగిరి. ముద్దాయిల చిత్తవృత్తులను పరీక్షించుటకు మనస్తత్వ శాస్త్రజ్ఞులును అచట నుండిరి. వారు వ్రాసికొనిన దినచర్యలు తరువాత ప్రసిద్ధ గ్రంథములైనవి. పాదిరులతో చెప్పుకొన్న పాపపు ఒప్పుకోలు మాత్రము గ్రంథములకెక్కదు. అది సంఘపు కట్టడి.

1946 వేసవిలో, గెరికీ స్వదేశమునకు పోవుచున్నాడనియు, అతని భార్య ఇంటికి రమ్మని కోరుచున్నదనియు చెరసాలలో వదంతి పుట్టినది. అంతట జరిగిన సంగతి సైనిక పాదిరుల చరిత్రలో సాటిలేనిది. 21 మంది ముద్దాయిలును — ఆరాధనకు రానివారును, కథోలికులును కలుపుకొని — సెయింట్ లూయిస్ నగరమున నున్న ఆల్మా గెరికీకి ఉత్తరము వ్రాసి సంతకములు చేసిరి. తామును భార్యాబిడ్డలకు దూరమైనవారము గావున ఆమె కోరిక న్యాయమైనదని యెరుగుదుమనియు, అయినను తమ కతడు బోధకుడుగనే గాక మంచి మనిషిగ కూడ అవసరమైనాడనియు, తమచుట్టు నున్న గోడలను దాటి తమ చెంతకు రాగలిగినవాడు అతడొక్కడే గావున విచారణ ముగియువరకు అతనిని విడువుమనియు వారి వేడుకోలు. ఇందు కొంత స్వార్థము, కొంత నటన యుండియుండవచ్చును. కోట్లాది కుటుంబములను విడదీసినవారు తమ ఎడబాటును గూర్చి వ్రాయుట చదువరికి రోత పుట్టించినను తప్పులేదు. ఆల్మా ఆ యుత్తరము చదివి, భర్తను నిలువుమని తెలియజేసెను. మూడేండ్లుగా భర్తను చూడని ఆ యిల్లాలి త్యాగమును గూర్చి వ్రాసినవారు తక్కువ.

తీర్పునకు ముందు, సెప్టెంబరులో, ముద్దాయిల భార్యాబిడ్డలను చూడనిచ్చిరి. పిల్లలను కనిపెట్టి యుండుట, తల్లులను ఓదార్చుట పాదిరులకే అప్పగింపబడినది. గోరింగు కుమార్తె ఎడ్డాకు అప్పటికి ఎనిమిదేండ్లు. ప్రార్థన చేయుదువా యని గెరికీ యడుగగా, రాత్రి రాత్రి మోకరించి, తండ్రి హృదయమును తెరచి యేసును లోపలికి రానిమ్మని దేవుని వేడుకొందునని ఆ బాలిక చెప్పెను.

అక్టోబరు 1న తీర్పు వచ్చినది. దొరకని బోర్మనుతో కలిపి పండ్రెండుగురికి ఉరిశిక్ష, ముగ్గురికి యావజ్జీవము, నలుగురికి పరిమిత కారాగారము, ముగ్గురు నిర్దోషులు. అప్పటినుండి ఉరి పడవలసిన వారిని గెరికీ దినమునకు పలుమారులు దర్శించెను. కైటెల్, సౌకెల్, విదేశాంగ మంత్రిగా నుండిన రిబ్బెన్‌ట్రాప్ అప్పటికే ప్రశ్నోత్తరి నేర్చి, పాపములను ఒప్పుకొని, ప్రభు భోజనమున పాలుపొందియుండిరి. రిబ్బెన్‌ట్రాప్ మొదట వితండవాదములు చేయుచుండినవాడు, కాలక్రమమున మారెను. ఆ మార్పు నిజమైనదా, మరణభయము చేయించినదా యని అడుగవచ్చును. గెరికీయే ఈ విషయమున చాల జాగరూకుడు. ఒక్క మాటతో సంతృప్తి చెందక, నెలలకొలది పరీక్షించిన పిమ్మటనే సంస్కారమిచ్చెను.

ఇక గోరింగు. అక్టోబరు 15వ తేదీ సాయంకాలము గెరికీ అతని గదికి పోయెను. ఉరి ఎప్పుడని ముద్దాయిలకు చెప్పలేదు గాని గోరింగు పసిగట్టియుండెను. సంభాషణ మతమువైపు మరలగా, అతడు బైబిలులోని సృష్టికథను పరిహసించెను, క్రీస్తు రక్షకుడనుటను కాదనెను, మరణముతో అంతయు ముగియుననెను. గెరికీ అతని కూతురి ప్రార్థనను జ్ఞాపకము చేసెను. పరలోకమున తండ్రిని కలిసికొనవలెనని ఆమె కోరుచున్నదని చెప్పెను. అది గోరింగును కదిలింపలేదు. ఇంత చెప్పిన పిమ్మట అతడు, ఒకవేళ ఇందులో నేదైన నున్నచో పనికివచ్చునను ధోరణిలో, లూథరన్ పద్ధతిని తనకు ప్రభు భోజనమిమ్మని యడిగెను. గెరికీ నిరాకరించెను. క్రీస్తును నమ్మనివానికి క్రీస్తు శరీరరక్తముల సంస్కారము ఇయ్యజాలనని స్పష్టముగా చెప్పెను. ఆ రాత్రియే, దాదాపు పదిముప్పావు వేళ, గోరింగు దాచియుంచుకొన్న సైనైడు గుళికను కొరికి ప్రాణము తీసికొనెను. కావలివాని కేక విని పరుగెత్తివచ్చినవారిలో గెరికీయు నొకడు. చావబోవుచున్నవాని చెవిలో ప్రార్థన వినిపించుటకంటె చేయదగినది అప్పుడు లేకపోయెను.

ఆ రాత్రి చేసిన నిరాకరణమును గూర్చి తరువాత వాదములు చెలరేగినవి. చచ్చువానికి ఒక రొట్టెముక్క యిచ్చుటకు ఇంత నియమమా యని కొందరు బోధకులే అతనిని తప్పుపట్టిరి. తాను గోరింగు హృదయమును చేరు మార్గమున పొరపాటు చేసియున్నచో క్రైస్తవ లోకము తన్ను మన్నించునుగాక యని గెరికీ స్వయముగా వ్రాసెను గాని, నిరాకరణము తప్పని మాత్రము వ్రాయలేదు. నా అభిప్రాయమున అతడు చేసినదే సరి. మరణమునకు చేరువైన అధికారికి భయపడియో, జాలిపడియో, పేరుకు పాకులాడియో ఆ సంస్కారమును ఇచ్చియున్నచో, కైటెల్‌కును సౌకెల్‌కును నెలలకొలది పరీక్షించి యిచ్చిన దానికి అర్థము లేకపోయెడిది. వారికి క్షమ చెప్పుటకు అతనికి గల అధికారమును, ఇతనికి కాదనుటకు గల అధికారమును ఒక్కటే; అది అతని సొంతము కాదు.

గోరింగు మరణముతో కలవరపడిన అధికారులు తక్కినవారి చేతులకు సంకెళ్ళు వేయించిరి. అర్ధరాత్రి దాటి ఒంటిగంట గడచిన తరువాత, చెరసాల ఆవరణలోని వ్యాయామశాలలో ఉరి మొదలైనది. ముందు వచ్చినవాడు రిబ్బెన్‌ట్రాప్. తరువాత కైటెల్. గెరికీ వారితో మెట్లవరకు నడచి, కడపటి ప్రార్థన చెప్పి, ముసుగు వేయువరకు నిలిచెను. సౌకెల్, ఒకప్పటి హోంమంత్రి ఫ్రిక్ విషయమునను అట్లే. రోజెన్‌బర్గు ప్రార్థన వద్దన్నవాడు. ఐనను గెరికీ అతని ప్రక్కన నిలిచి తనలో తాను ప్రార్థించెను. రెండు గంటలలోపల పదిమంది చనిపోయిరి. దేహములను దహించి బూడిదను నీటిలో కలిపివేసిరి. గెరికీ సమాధి ప్రార్థన చేయవలసిన అవసరమే లేకపోయినది.

స్వదేశమునకు వచ్చిన పిదప గెరికీ కొంతకాలము సైన్యములోనే, మిల్వాకీలోని సైనిక శిక్షాగారమున పనిచేసెను. 1951 సెప్టెంబరులో సాటర్డే ఈవెనింగ్ పోస్టు పత్రికలో తన యనుభవమును ప్రచురింపగా, ద్వేషపు టుత్తరములు గుట్టలుగ వచ్చినవి. నాజీ పక్షపాతియని ఒకరు, యూదుల పక్షపాతియని ఒకరు, ఉరితీతకు చేయిచ్చినవాడని మరియొకరు నిందించిరి. ఈ నిందలలో కొన్ని ఒకదానినొకటి కొట్టివేయునవి గావున వానిని విడువవచ్చును. కాని యొకటి విడువదగినది కాదు. డహౌలో, ఆష్‌విట్జ్‌లో చచ్చినవారిలో ఎక్కువమంది ప్రక్కన ఏ రబ్బీయు నిలువలేదు, ఏ గురువును చేయి పట్టుకొనలేదు. వారిని చంపినవారికి మాత్రము ఒక సంవత్సరముపాటు ఓదార్పు లభించినది. యూదులు ఈ మాట యడిగినచో బదులేమి? గెరికీ దీనికి బదులు చెప్పినట్లు నేను చదువలేదు. నాకును చెప్పదగినది తోచుటలేదు. శిక్ష విధించుట న్యాయస్థానపు పని, దానిని గెరికీ ఆపలేదు, ఆపవలెనని కోరలేదు. ఉరికంబమునకు త్రోవ చూపువారిలోనే అతడును నడచెను. క్షమ చెప్పుటయు న్యాయమును తప్పించుటయు వేరువేరు సంగతులని మాత్రము అతని ప్రవర్తన తెలుపుచున్నది. ఈ భేదమును గమనింపనిదే అతనిని మెచ్చుటగాని, తిట్టుటగాని తగదు.

సైన్యమును విడిచిన తరువాత అతనికి పెద్ద సంఘములలో స్థానము దొరకకపోయెడిది కాదు, కాని అతడు కోరలేదు. ఇల్లినాయ్ రాష్ట్రములో మిసిసిపి నదీతీరమున చెస్టరను చిన్న పట్టణమున సహాయ బోధకుడుగా చేరి, అచటి మెనార్డు కారాగారపు ఖైదీలకు చాప్లెయినుగా పనిచేసెను. కైటెల్‌కు నేర్పిన ప్రశ్నోత్తరినే దొంగలకును హంతకులకును నేర్పెను. 1961 అక్టోబరు 11న, ఖైదీలకు బైబిలు తరగతి చెప్పుటకై కారాగారమునకు వచ్చిన వేళ గుండెనొప్పి వచ్చి మరణించెను. అప్పటికి అతని వయసు 68 సంవత్సరములు.